అంచు కరిగినా.. అసలు మిగలాలి!

పెద్దల చిత్రపటంలో ఫొటో అంచులు క్రమంగా తెల్లని నేపథ్యంలో కలిసిపోతే చూపు ముఖంపైనే నిలుస్తుంది. కంప్యూటర్లు రాకముందు డార్క్‌రూంలో రంధ్రం చేసిన అట్టను ఫొటో కాగితంపై కదుపుతూ ఈ మెత్తదనం తెచ్చేవారు. ఇప్పుడు ఫొటోషాప్‌లోని ‘ఫెదర్’ ఆ పని చేస్తుంది.

ఎలిప్టికల్ మార్కీ టూల్‌తో ముఖం చుట్టూ అండాకారంలో ఎంపిక చేసి, సెలెక్ట్ మెనూలోని మోడిఫైలో ఫెదర్ నొక్కాలి. అక్కడ ఇచ్చే అంకె పిక్సెళ్లలో ఉంటుంది. 600 పిక్సెళ్ల వెడల్పు ఫొటోకు 20 సరిపోతే, 3000 పిక్సెళ్ల స్కాన్‌కు అదే మెత్తదనం రావాలంటే 100 ఇవ్వాలి.

ఆ తర్వాత ఎంపికను తిరగేసి డిలీట్ చేయడం పలువురి అలవాటు. అలాగే సేవ్ చేసి ఫైల్ మూసేస్తే తొలగిన భాగం తిరిగి రాదు. వేరే ప్రతి లేకుంటే, పాత కుటుంబ చిత్రంలో చివరన నిల్చున్న బంధువు, వెనుకనున్న పెంకుటిల్లు శాశ్వతంగా మాయమైనట్లే. డిలీట్‌కు బదులు లేయర్ మాస్క్ వేసి, కింద తెల్లని లేయర్ ఉంచితే ఆ భాగం మరుగున పడుతుందే తప్ప చెరిగిపోదు. ఈ ఫైల్‌ను పీఎస్‌డీగా భద్రపరచి, ప్రింటుకు జేపెగ్ ప్రతి తీసుకోవచ్చు. ఉచితంగా లభించే గింప్‌లోనూ ఈ రెండు సదుపాయాలున్నాయి.

స్టూడియోకు పాత ఫొటో ఇచ్చేవారు ఎలాంటి మార్పులు చేయని స్కాన్‌ను కూడా అడిగి తీసుకోవడం మేలు.