ఇంటిపేరు రక్తపరీక్ష కాదు

ఎమ్మిగనూరులో నాకు తెలిసిన ఇంట్లో ఒక సంబంధం చెడిపోయింది. పిల్ల డిగ్రీ చదివింది, తండ్రి మగ్గం నేస్తాడు. పిల్లవాడు ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాడు. పెళ్లిచూపులు అయ్యాయి, తాంబూలాలకు రోజు కూడా పెట్టుకున్నారు. అంతలో పిల్ల చిన్నాన్న ఫోనుకు ఒక వాట్సాప్ సందేశం వచ్చింది. ఇంటిపేరు ఒకటే అయితే ఆ పెళ్లి చట్టం ముందు చెల్లదని, పుట్టే పిల్లలకు అవిటితనం తప్పదని, డాక్టర్లే తేల్చారని, పదిమందికి పంపమని దాని సారాంశం. ఈ రెండిళ్ల ఇంటిపేరూ ఒకటే, అదొక ఊరి పేరు. గోత్రాలు వేరు, సొంతూళ్లు వేరు, తాతల నాటి రాకపోకలు కూడా లేవు. అయినా సంబంధం ఆపేశారు.

నాలుగు నెలలు తిరక్కుండా ఆ పిల్లను సొంత మేనమామకే ఇచ్చి చేశారు. పెళ్లి పందిట్లో పిల్ల జేజి నా పక్కన కూర్చుని తృప్తిగా చెప్పింది: "ఇంటిపేరు వేరే గదప్పా, ఏ దోసమూ లేదు. బిడ్డ మా ఇంట్లోనే ఉంటాది." ఆమె మాటలో కపటం లేదు, మనవరాలి మీద ప్రేమే ఉంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. పరాయివాణ్ని రక్తసంబంధీకుడని భయపడి తోసేశారు, తల్లి తోడబుట్టినవాణ్ని పరాయి రక్తమని నమ్మి పీటల మీద కూర్చోబెట్టారు. రెండుసార్లూ వాళ్లు చూసింది ఇంటిపేరే.

ఆ సందేశం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కాబట్టి దాని సంగతే ముందు తేల్చుకుందాం.

చట్టం పేరు చెప్పి భయపెడుతున్నారు గనుక చట్టమే చూడండి. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఇంటిపేరు అనే మాటే లేదు. ఒకే గోత్రం వాళ్ల పెళ్లికి ఉన్న అడ్డును కూడా అంతకు ముందే, 1946లోనే ఒక చట్టం చేసి తీసేశారు. ఇప్పుడున్న నిషేధం దగ్గరి చుట్టరికానికి, సపిండ సంబంధానికి. అంటే తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు లెక్కపెట్టాలి. తల్లి వైపు కూడా అన్న ఈ మాటను ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఆ లెక్క ప్రకారం చూస్తే చట్టం ముందుగా అడ్డుకోవలసింది మేనమామ పెళ్లినే. మన వైపు అది తరతరాల ఆచారం కాబట్టి, ఆచారం ఉన్నచోట చెల్లుతుందని అదే చట్టంలో మినహాయింపు పెట్టారు. ఆ మినహాయింపు ఆచారాన్ని మన్నించి ఇచ్చింది. వైద్యులు పరీక్ష చేసి ఇచ్చిన హామీ కాదది.

ఇక రక్తం సంగతి. మీ తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్ల తల్లిదండ్రులు నలుగురు, ముత్తాతలు ముత్తవ్వలు ఎనిమిది మంది, ఆ పై తరంలో పదహారు మంది. ఈ పదహారు మంది నుంచీ మీకు రక్తం వచ్చింది. ఇంటిపేరు మాత్రం వాళ్లలో ఒక్కడి నుంచే వచ్చింది. తక్కిన పదిహేను మందిని లెక్కలోంచి తీసేసి, ఆ ఒక్కడి పేరు పట్టుకుని రక్తాన్ని కొలుస్తామంటే ఎట్లా?

తోడబుట్టినవాళ్ల జన్యువుల్లో సగటున సగం ఒకటే. మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు ఒకటే. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే ఎనిమిదో వంతు. అదే ముత్తాత తండ్రి దగ్గర కలిసే ఇద్దరు దాయాదుల పిల్లలకు నూట ఇరవై ఎనిమిదో వంతు మాత్రమే. ఈ చివరివాళ్లకు ఇంటిపేరు ఒకటే, మేనమామకూ మేనకోడలికీ వేరు. ఎవరికి ఎవరు దగ్గరో అంకెలే చెబుతున్నాయి.

ఈ దగ్గరితనం వల్ల వచ్చే చిక్కు ఏమిటో ఎమ్మిగనూరు వాళ్లకు మగ్గం భాషలో చెప్పొచ్చు. ప్రతి జన్యువూ మనలో జంటపోగులాగా ఉంటుంది, ఒక పోగు తల్లిది, ఒకటి తండ్రిది. ఒక పోగు తెగినా రెండోది బట్టను నిలబెడుతుంది, తెగిందని మనకు తెలియను కూడా తెలియదు. అట్లాంటి తెగిన పోగులు మనలో ప్రతి ఒక్కరిలోనూ కొన్ని ఉంటాయి. దంపతులిద్దరూ వేర్వేరు కుటుంబాల వాళ్లయితే ఇద్దరిలోనూ అదే పోగు తెగి ఉండడం అరుదు. ఒకే అవ్వతాతల నుంచి వచ్చినవాళ్లయితే ఆ అవకాశం పెరుగుతుంది. అప్పుడు బిడ్డకు రెండు పోగులూ తెగినవే రావచ్చు. పుట్టుచెవుడు, తలసీమియా, కొన్ని రకాల బుద్ధిమాంద్యం, కంటిజబ్బులు ఇట్లా వచ్చేవే. మామూలు దంపతుల పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టులోపం కనిపిస్తే, మేనరికం పిల్లల్లో అది సుమారు రెట్టింపు. మేనమామ పెళ్లిలో దగ్గరితనం ఇంకా ఎక్కువ కాబట్టి ప్రమాదమూ ఎక్కువే. తమిళనాడు, కర్ణాటకలతో పాటు మన రాష్ట్రం కూడా ఇట్లాంటి పెళ్లిళ్లలో దేశంలోనే ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి.

అసలు ఈ ఇంటిపేర్లు మనకు ఎట్లా వచ్చాయి? కౌతాళం, కోసిగి, హొళగుంద, ఆలూరు వైపు ఏ ఓటర్ల జాబితా అయినా తెరిచి చూడండి. బోయ అని ముందు పెట్టి ఈరన్న, కురువ అని ముందు పెట్టి లింగన్న. వడ్డె, ఉప్పర, ఈడిగ, చాకలి కూడా అంతే. చాలామందికి కాగితాల్లో ఇంటిపేరు అంటే ఇదే. కులం పేరును ఇంటిపేరు గడిలో రాశారు, అదే పదో తరగతి సర్టిఫికెట్టుకు, ఆధార్‌కు ఎక్కింది. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్లే అన్న మాట నిజమైతే ఈ మండలాల్లో ఒక్క పెళ్లి కూడా జరగకూడదు. ఇన్ని తరాలుగా జరుగుతూనే ఉన్నాయి కదా! ఎందుకంటే అక్కడి పెద్దలు సంబంధం కలుపుకునేటప్పుడు కాగితం మీది పేరు చూడరు. గోత్రం అడుగుతారు, కన్నడ సీమ అలవాటు ఉన్నవాళ్లు గోత్రంలాంటి బెడగు అడుగుతారు, వరస కలుస్తుందా లేదా చూస్తారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవి. ఆ బళ్లారి నుంచే ఒక మంచి ఉదాహరణ ఉంది. రంగస్థలం మీద బళ్లారి రాఘవ అంటే తెలియని తెలుగువాడు లేడు. ఆయన అసలు ఇంటిపేరు తాడిపత్రి. ఆయన మేనమామ, ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఒకరిది తాడిపత్రి, ఇంకొకరిది ధర్మవరం, రెండూ ఊళ్ల పేర్లే. రాఘవను లోకం పిలిచిన పేరులో ఉన్నది మూడో ఊరు. మేనమామ మేనల్లుళ్ల మధ్య ఇన్ని ఊళ్లు అడ్డం వచ్చినంత మాత్రాన రక్తం వేరవుతుందా?

దీనికి ఎదురు ఉదాహరణ కోసం చాలా దూరం పోదాం. నార్వే, డెన్మార్క్ దేశాల్లో పాత పద్ధతి అచ్చం మన పల్లెల పద్ధతే. ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరే ఆనవాలు. హాన్స్ కొడుకు హాన్సెన్, పేడర్ కొడుకు పేడర్సెన్. తరం మారితే పేరు మారేది. డెన్మార్క్‌లో 1828లో, నార్వేలో 1923లో ప్రతి కుటుంబానికీ మారని ఇంటిపేరు ఒకటి ఉండాలని నిబంధన పెట్టారు. ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ ఎక్కువమందికి తండ్రి పేరో, తల్లి పేరో తప్ప మనం అనుకునే ఇంటిపేరు లేదు. హాన్స్ అక్కడ మన వైపు ఈరన్న అంత మామూలు పేరు. ఈరన్న కొడుకులందరికీ ఒక్కసారిగా ఈరన్న అనే ఇంటిపేరు ఖాయం చేస్తే, కోసిగి ఈరన్న సంతతీ ఆస్పరి ఈరన్న సంతతీ ఒకే ఇంటివాళ్లు అయిపోతారా? హాన్సెన్‌ల సంగతీ అంతే. 1873లో బెర్గెన్ ఊళ్లో కుష్ఠు క్రిమిని కనిపెట్టిన గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ నార్వే డాక్టరు. కుష్ఠు పాపఫలం కాదు, క్రిమి వల్ల వచ్చే జబ్బు అని తేల్చి ఎన్ని కోట్లమంది మెడ మీది అపవాదు తీసేశాడో! ఆ జబ్బును ఇప్పుడు హాన్సెన్ వ్యాధి అంటున్నాం. ఆ తర్వాత పదేళ్లకు, 1883లో, ఈస్టును శుద్ధంగా వేరుచేసి పెంచే పద్ధతి కనిపెట్టిన ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ డెన్మార్క్ వాడు. ఇద్దరూ సూక్ష్మజీవుల శాస్త్రవేత్తలే, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకరికొకరు ఏమీ కారు. హాన్స్ అనే పేరున్న తండ్రులు వేలమంది ఉండేవాళ్లు, అంతే.

ఊరి పేరు ఇంటిపేరు కావడమూ అక్కడ ఉంది. 1920లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న క్నూట్ హామ్సున్ పుట్టినప్పుడు పేడర్సెన్. హామ్సుండ్ అనేది వాళ్లు కాపురమున్న కమతం పేరు, దాన్నే ఆయన ఇంటిపేరు చేసుకున్నాడు. కందుకూరు వదిలి వచ్చినవాళ్లు కందుకూరి వాళ్లయినట్టే.

కందుకూరి అన్నాను గనుక ఇంకో నమ్మకం కూడా ఇక్కడే తీసేద్దాం. ఇంటిపేరు వింటే కులం తెలిసిపోతుందంటారు. కందుకూరి వీరేశలింగం పంతులు నియోగి బ్రాహ్మణులు. 'సుగ్రీవ విజయం' రాసిన కందుకూరి రుద్రకవి విశ్వబ్రాహ్మణుడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఇట్లాంటి ఇంటిపేరు చెప్పేది ఏ ఊరి నుంచి వచ్చారన్నదే.

పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకోవాల్సిందే అంటారు. ఏ చట్టమూ అట్లా చెప్పలేదు. మార్చుకుని, సర్టిఫికెట్లలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు పెట్టుకుని మీసేవ చుట్టూ తిరిగే ఆడపిల్లలను చూస్తే బాధేస్తుంది. ఇంటిపేరులో అక్షరం మారిస్తే అదృష్టం మారుతుందనేది డబ్బు గుంజే మాట. గొప్పవాళ్ల ఇంటిపేరు ఉంటే గొప్పతనం వస్తుందనేది ఇంకొకటి. ఎమ్మిగనూరులో మాచాని అన్న పేరు వినగానే చేతులు జోడించే పెద్దలను చూశాను. ఆ మర్యాద పేరుకు రాలేదు. 1938లో నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టి, వాళ్ల పొయ్యి ఆరిపోకుండా చూసిన మాచాని సోమప్ప పనికి వచ్చింది. 1954లో వచ్చిన పద్మశ్రీ కూడా ఆ పనికే.

ఇంతా చెప్పి, పెద్దల మాటలో ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో, ఒకే ఇంటిపేరుతో ఉన్నవాళ్లు మూడు నాలుగు తరాల వెనక ఒకే ఇంటివాళ్లు అయ్యే అవకాశం నిజంగానే ఎక్కువ. అప్పట్లో పెళ్లిళ్లు ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్లలోనే జరిగేవి. అన్నదమ్ముల పిల్లలు తెలియక కలవకుండా ఉండడానికి ఇంటిపేరు ఒక కంచెగా పనికొచ్చింది. ఆ మేరకు వాళ్ల జాగ్రత్తను కాదనలేం. కానీ ఆ కంచె తండ్రి వైపు ఒక్కదాన్నే కాపు కాసింది, తల్లి వైపు మొత్తం బయలుగానే ఉండిపోయింది. పైగా ఈ రోజు ఎమ్మిగనూరు పిల్లకు ఆదోని పిల్లవాడే కాదు, అనంతపురం నుంచో హైదరాబాదు నుంచో కూడా సంబంధం వస్తోంది. అక్కడి ఇంటిపేరు ఇక్కడి ఇంటిపేరుతో కలిస్తే అది చాలావరకు కాకతాళీయమే తప్ప చుట్టరికం కాదు.

కాబట్టి సంబంధం మాట్లాడుకునే రోజు ఒక పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, పెన్సిలు తీసుకుని కూర్చోండి. కింద పిల్ల పేరు, పిల్లవాడి పేరు రాయండి. ఇద్దరికీ పైన అమ్మానాన్నలు, వాళ్లకు పైన నలుగురు, ఆ పైన ఎనిమిది మంది, తండ్రి వైపు ఇంకో తరం కూడా. అవ్వల పుట్టింటి ఊళ్లు తప్పకుండా రాయండి, చుట్టరికం దాక్కునేది అక్కడే. ఇద్దరి కాగితాల్లోనూ ఒకే మనిషి కనిపిస్తే అది రక్తసంబంధం, ఇంటిపేర్లు ఏవైనా సరే. ఎవరూ కలవకపోతే ఇంటిపేరు ఒకటైనా నిశ్చింతగా ముహూర్తం పెట్టుకోండి. ఆ కుటుంబాల్లో పుట్టుచెవుడు ఉందా, చిన్నతనంలోనే పోయిన పిల్లలు ఉన్నారా, పదేపదే రక్తం ఎక్కించుకునేవాళ్లు ఉన్నారా అని నెమ్మదిగా అడగండి. అడగడం అవమానం కాదు. ముస్లింల ఇళ్లలో చిన్నాన్న పిల్లలకూ పెద్దనాన్న పిల్లలకూ మధ్య కూడా పెళ్లి చేసుకునే ఆచారం ఉందని చెప్పి వేరుగా చూడకండి. జన్యువుకు మతం లేదు, లెక్క అందరికీ ఒకటే.

ఇప్పటికే మేనరికం చేసుకున్నవాళ్లు ఇది చదివి కంగారు పడొద్దు. మేనరికం దంపతుల పిల్లల్లోనూ ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. తలసీమియా ఉందేమో తెలుసుకునే రక్తపరీక్ష దంపతులిద్దరూ బిడ్డ కడుపున పడకముందే చేయించుకోవచ్చు. గర్భం వస్తే తొలి నెలల్లోనే డాక్టరుకు మీ చుట్టరికం దాచకుండా చెప్పండి. బిడ్డ పుట్టాక నెల లోపల చెవి పరీక్ష చేయించండి. చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేసే పరీక్ష, బిడ్డకు నొప్పి ఉండదు. అనుమానం ఉంటే మూడో నెలకల్లా తేల్చుకోవాలి, ఆరో నెలకల్లా వినికిడి సాయం మొదలుపెట్టాలి. మాట వచ్చే వయసు దాటిపోయాక మొదలుపెడితే ఎంత ఖర్చు పెట్టినా కోల్పోయింది పూర్తిగా రాదు.

ఆ జేజి మొన్న ఫోను చేసింది. మనవరాలికి మూడో నెల. కర్నూలులో చూపించాలా, ఆదోనిలో చాలునా అని అడిగింది. ఎక్కడైనా సరే, డాక్టరు ముందు కూర్చోగానే "మా మొగుడు మా అమ్మ తమ్ముడు" అని మొదటి మాటగా చెప్పించమన్నాను.