బిడ్డ ఆసుపత్రిలో ఉన్న ఇంటికి ఆనందం మోసుకెళ్దాం

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు, ఎవరో ఒకరి బిడ్డ ఆసుపత్రిలో ఉన్నాడనే మాట తరచుగా వింటుంటాం. సంఘమంతా కలిసి ఆ బిడ్డ కోసం ప్రార్థిస్తుంది. అది మన మొదటి బాధ్యత. అయితే సోమవారం నుండి శనివారం వరకు ఆ తల్లిదండ్రులకు సంఘం ఎక్కడ కనబడుతోంది? ఈ వారం ఈ ప్రశ్నను పాఠకుల ముందు ఉంచుతున్నాం.

బిడ్డ మంచం పట్టగానే ఇల్లు రెండుగా చీలిపోతుంది. తల్లి వార్డులో ఉంటుంది. తండ్రి మందుల షాపుకూ ల్యాబుకూ బిల్లు కౌంటరుకూ మధ్య తిరుగుతుంటాడు. మిగిలిన పిల్లలు అమ్మమ్మ దగ్గరో పొరుగింట్లోనో ఉంటారు. దినకూలీ చేసుకునేవారికి ఆ రోజుల సంపాదన కూడా పోతుంది. మామూలు జ్వరమైతే వారంలో ఇంటికి రావచ్చు. పిల్లల్లో ఎక్కువగా కనబడే రక్త క్యాన్సరుకైతే చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. మొదటి వారం పండ్లు పట్టుకొని వెళ్లినవాళ్లం ఆరో నెలలో ఎంతమందిమి వెళ్తున్నాం?

అలాంటి వారికి ప్రభువునందు ఆనందించమని చెప్పడం తేలిక. ఫిలిప్పీయులకు ఆ సంగతి రాసినప్పుడు పౌలు చెరసాలలో ఉన్నాడని ప్రసంగాల్లో విన్నాం. ఆ పత్రికలోనే మరో సంగతి ఉంది. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు అనే సహోదరుణ్ని కానుకతో ఆయన దగ్గరికి పంపింది. ఆ సేవలో అతడు జబ్బుపడి చావుకు దగ్గరయ్యాడు కూడా. పౌలు ఆనందానికి ప్రభువే మూలం. ఆ ఆనందం చెరసాల లోపలికి చేరడంలో ఒక సంఘం ఇచ్చిన కానుక, ఒక మనిషి చేసిన ప్రయాణం ఉన్నాయి. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువుగల మనిషిని మోసుకొచ్చిన నలుగురి విశ్వాసాన్ని యేసు చూశాడు. ఈ రోజు ఆసుపత్రి మెట్లమీద కూర్చున్న తల్లిదండ్రులకూ మోసేవారు కావాలి.

మాటలు తగ్గిద్దాం

యోబు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. నోరు తెరిచాక అతని గాయం పెద్దదైంది. మనలోనూ కొందరు “ఇంట్లో ఏదో పాపం ఉంది”, “విశ్వాసం చాలలేదు, మందులు ఆపండి” అంటుంటారు. పుట్టు గుడ్డివాని విషయంలో శిష్యులు ఇలాంటి ప్రశ్నే వేస్తే, ఎవరి పాపమూ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. కాబట్టి మందు వేసే చేతికీ ప్రార్థించే చేతికీ తగువు పెట్టకండి.

వార్డులో ప్రార్థన మెల్లగా, క్లుప్తంగా ఉండాలి. పక్క మంచాలమీద వేరే బిడ్డలు నిద్రపోతుంటారు. క్యాన్సరు మందులు వాడే పిల్లల్లో రోగనిరోధక శక్తి తగ్గుతుంది గనుక జలుబు, దగ్గు ఉన్నవారు వెళ్లకపోవడమే ప్రేమ.

చేతనైన సాయం

“ఏమైనా కావాలంటే చెప్పండి” అంటే ఎవరూ చెప్పరు. “మంగళవారం సాయంత్రం క్యారియర్ తెస్తాను”, “మీ పెద్దబ్బాయిని పరీక్షలయ్యేదాకా మా ఇంట్లో ఉంచుకుంటాం” అనండి. ఆసుపత్రి వారు అనుమతిస్తే రెండు గంటలు బిడ్డ దగ్గర కూర్చుని, తల్లి స్నానం చేసి కాస్త నిద్రపోయేలా చూడండి.

యవనస్థుల కూటమి రక్తదాతల జాబితా తయారు చేసుకోవచ్చు. 18 నుండి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. పురుషులు 3 నెలలకొకసారి, స్త్రీలు 4 నెలలకొకసారి ఇవ్వవచ్చు. ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలవ ఉంటాయి. అందుకే అందరూ ఒకే రోజు పరుగెత్తకుండా వంతులు వేసుకోవాలి.

చదువుకున్న సహోదరుడొకరు కాగితాలు పట్టుకొని ఆరోగ్యమిత్ర దగ్గరికి తోడు వెళ్తే చాలా భారం తగ్గుతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నా, ఎవరిని అడగాలో తెలియక అప్పు చేసేవారున్నారు. వేలూరుకు బిడ్డను తీసుకెళ్లే మన కుటుంబాలకు భాష కూడా కష్టమే. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యసేవే అక్కడ ఇంత పెద్ద ఆసుపత్రి అయింది. అంత దూరం అందరం వెళ్లలేం. వారానికి ఒక రోజు తప్పకుండా ఫోను చేయగలం.

తల్లిదండ్రులతో ఒక మాట

అమ్మా, అయ్యా, మీరు ఏడిస్తే అది అవిశ్వాసం కాదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీరు కార్చాడు. బిడ్డ నవ్వినప్పుడు మీరు నవ్వితే అది తప్పూ కాదు. సెలైన్ తీసేసిన పూట, బిడ్డ నోరు తెరిచి ఇడ్లీ అడిగిన ఉదయం, పక్క మంచం తల్లి పంచుకున్న టీ: రాత్రి పడుకునే ముందు ఇలాంటిదొకటి తలచుకొని దేవునికి స్తోత్రం చెప్పండి. సూది వేసేటప్పుడు నొప్పి ఉండదని బిడ్డతో అబద్ధం చెప్పకండి. “కాసేపు నొప్పి పెడుతుంది, నేను చెయ్యి పట్టుకుంటాను” అనండి. దేవుడు మనకు ఇచ్చిన వాగ్దానమూ అలాంటిదే. ఎవరైనా సాయానికి వస్తే మొహమాటపడకండి.

సాక్ష్యం ఎవరిది?

స్వస్థత పొందిన బిడ్డను సంఘం ముందు నిలబెట్టి స్తుతిస్తాం. బిడ్డ ఇంటికి తిరిగిరాని తల్లిదండ్రులు మాత్రం చివరి వరుసలో కూర్చుని, కొన్నాళ్లకు రావడం మానేస్తారు. దావీదు ఉపవాసముండి వేడుకున్నా అతని బిడ్డ బ్రతకలేదు. అయినా అతడు లేచి దేవుని మందిరానికి వెళ్లాడు. అలా వచ్చినవారికి మన మందిరంలో చోటుండాలి. వారి బిడ్డ పేరు పలకడానికి మనం జంకకూడదు. వారు ఇంకా మన మధ్య కూర్చుని ఉండటమే గొప్ప సాక్ష్యం.

ఆసుపత్రుల్లో మేలుకొని ఉన్న ప్రతి తల్లినీ తండ్రినీ ప్రభువు ఆదరించును గాక. ఆ ఆదరణ మోసుకెళ్లే చేతులు మనవి అగును గాక. ఆమేన్.