న్యూజీలాండు నల్ల చిట్టెలుక

దేహరక్షణకై పుట్టిన శక్తి ఆ దేహమునే శత్రువుగా నెంచునా యన్న ప్రశ్నను ఇరువదవ శతాబ్దారంభమున జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ మేకల నడిగినాడు. ఒక మేక రక్తమును మరియొక మేక కెక్కింపగా, అది పరాయి ఎర్రకణములను కరిగించు ప్రతిరక్షకములను పుట్టించెనే గాని తన కణముల జోలికి పోలేదు. ప్రకృతి ఆత్మఘాతమును సహింపదని ఆయన నిశ్చయించినాడు. 1904లో డొనాథ్, లాండ్‌స్టైనర్ అను నిరువురు, చలి తగిలినంతనే మూత్రము ఎర్రబారు రోగుల రక్తమున స్వకణములనే చంపు ప్రతిరక్షకమును చూపినను, ఎర్లిక్ మాటకున్న గౌరవముచేత ఆ సాక్ష్యము చిరకాలము మూలబడి యుండెను.

1945లో కూంబ్స్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు, ఎర్రకణములకు అంటుకొనియున్న ప్రతిరక్షకములను పట్టిచ్చు పరీక్షను కనిపెట్టిరి. మానవ గ్లోబ్యులిన్‌ను కుందేళ్ళకెక్కించి, వాని రక్తమునుండి తీసిన ద్రవమే ఆ పరీక్షకు ఆయుధము. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున విలియం హారింగ్టన్ అను యువవైద్యుడు మరింత సాహసించి, ప్లేట్‌లెట్లు క్షీణించిన రోగిణి రక్తమును తనకే యెక్కించుకొనెను. కొన్ని గంటలలో ఆయన ప్లేట్‌లెట్లు అడుగంటినవి; మూర్ఛ వచ్చినది; కొలది దినములకు కోలుకొనినాడు. ఆ వ్యాధిని కలిగించునది రక్తమందలి పదార్థమేనని దానితో తేలినది. నేటి నీతినియమములు ఇట్టి ప్రయోగమును క్షణమైనను అనుమతింపవు; అనుమతింపకుండుటయే మంచిది.

అయితే దేహము స్వకణములనే చంపు ఈ వ్యాధి పుట్టుకను ఆదినుండి గమనించుటకు, తనంత తానే దానికి లోనగు జంతువు కావలెను. అది 1959లో, ఎవ్వరును వెదకని చోట దొరికినది. న్యూజీలాండులోని డునెడిన్ నగరమున, ఒటాగో విశ్వవిద్యాలయమందు, మారియాన్ బీల్షోవ్‌స్కీ అను శాస్త్రజ్ఞురాలు క్యాన్సరు పరిశోధనకై చిట్టెలుకలను తరతరములుగా తోబుట్టువులతోనే జతకూర్చి పెంచుచుండెను. వానిలో నల్లబొచ్చు గల యొక వంశపు టెలుకలు బాల్యమున ఆరోగ్యముగా నుండి, కొన్ని నెలలు గడచునప్పటికి పాలిపోయి, ప్లీహము వాచి, కూంబ్స్ పరీక్షలో దొరికిపోవుచుండినవి. ఆమె హెలియర్, హౌవీ అను సహచరులతో కలిసి ఈ సంగతి ప్రకటించెను. ఎవ్వరును ఆ యెలుకల కేమియు నెక్కించలేదు. వంశములోనే వ్యాధిబీజ మున్నది. మెల్బోర్న్‌లో, స్వదేహమునే శత్రువుగా నెంచు నిషిద్ధమైన కణవంశము లెట్లో చావక మిగిలి వృద్ధిపొందుటయే ఈ వ్యాధికి మూలమని వాదించుచుండిన మక్‌ఫర్లేన్ బర్నెట్ అను శాస్త్రజ్ఞుడు ఆ యెలుకలను ఎంతో మక్కువతో పరిశీలించినాడు. నల్లదానిని న్యూజీలాండు తెల్లదానితో కలుపగా పుట్టిన సంతతికి మూత్రపిండముల వ్యాధి వచ్చెను. అందును, మానవులలో లూపస్ అను రోగమువలెనే, ఆడువాటికి ముందుగాను తీవ్రముగాను వచ్చెను.

వ్యాధిని కల్పించు మార్గములును గలవు. 1973లో లండన్ పరిశోధకులు చిట్టెలుకలకు పెద్ద యెలుకల ఎర్రకణములను మరల మరల ఎక్కింపగా, అవి పరాయి కణములతోపాటు తమ కణములపైనను ప్రతిరక్షకములను పుట్టించినవి. అటుపై టొరంటోలో చేసిన ప్రయోగము నాకు మరింత విలువైనదిగా తోచును. ప్లేట్‌లెట్లపై నుండవలసిన యొక ప్రోటీను జన్మతః లేని చిట్టెలుకలకు మామూలు ప్లేట్‌లెట్లను ఎక్కించి, వాని ప్లీహకణములను రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకలకు మార్పగా, వీనికిని ప్లేట్‌లెట్లు క్షీణించినవి. ప్రతిరక్షకములు కలిగించిన క్షీణత, వైద్యులు రోగుల కిచ్చు ఇమ్యునోగ్లోబ్యులిన్‌కు లొంగినది. రోగనిరోధక శక్తికి చెందిన టి-కణములు కలిగించినది లొంగలేదు. ఒకే పేరుతో పిలువబడు వ్యాధిలో రెండు దారులున్నవని తెలిసి, ఒక రోగికి పనిచేసిన మందు మరియొకరికి ఏల పనిచేయదో ఊహించుటకు ఆధార మిట్లు దొరికినది.

చిట్టెలుక చెప్పినదంతయు మనకు వర్తింపదు. దాని ఎర్రకణమునకు సుమారు 40 దినములు ఆయువు; మనదానికి 120. దాని మైక్రోలీటరు రక్తమున సుమారు పది లక్షల ప్లేట్‌లెట్లుండగా మనకు ఒకటిన్నర నుండి నాలుగున్నర లక్షలు. ప్రతిరక్షకములను పట్టుకొను ఒక గ్రాహకము మన ప్లేట్‌లెట్లపై నున్నది, చిట్టెలుకలవానికి లేదు. కావున హెపారిన్ మందుచే ప్లేట్‌లెట్లు తగ్గి రక్తము గడ్డకట్టు రోగమును పరిశీలింపదలచినవారు, ముందుగా మానవ జన్యువును చిట్టెలుకలో చేర్చవలసి వచ్చినది.

ఇటీవల కొందరి చూపు కుక్కలవైపు మరలినది. కాకర్ స్పేనియల్ వంటి జాతులలో ఎర్రకణములు నశించు ఈ రక్తహీనత తనంత తానే వచ్చును; రక్తనాళములలో గడ్డలు కట్టి ప్రాణము తీయుటయు నందు తరచు. పశువైద్యు లిచ్చునది మనుష్యుల కిచ్చు ప్రెడ్నిసొలోన్ అను మందునే. ఇక్కడ రోగిని ప్రయోగశాలకు తెచ్చి రోగము కల్పింప నక్కరలేదు. యజమాని యనుమతితో, చికిత్స పొందుచున్న కుక్కనుండి తీసిన రక్తమే పరిశోధనకు చాలును.