కేజ్ వీల్

కేజ్ వీల్ అనగా బురద పొలంలో ట్రాక్టరు దిగబడకుండా, చక్రం ఉన్నచోటనే తిరగకుండా ముందుకు సాగేందుకు వెనుక ఇరుసుకు బిగించే ఇనుప చక్రం. పంజరం వంటి ఆకారం వలన దీనికి ఈ పేరు వచ్చింది. వాడుకలో కేజీ వీల్ అనీ, ఇనుప చక్రం అనీ అంటారు. వరి నాట్లకు ముందు పొలాన్ని దమ్ము చేయడానికి తెలుగు రాష్ట్రాలలో వీటిని విరివిగా ఉపయోగిస్తారు. మంచు దేశాలలో టైర్లకు చుట్టే గొలుసులు చేసే పనినే ఇక్కడి వరి మడులలో ఇవి చేస్తాయి.

నకిరేకల్ ప్రాంతంలో

నల్గొండ జిల్లాలోని నకిరేకల్ పట్టణం హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మార్గంలో ఉంది. ఈ ప్రాంతపు పొలాలకు చెరువులు, బోరుబావులు, మూసీ ప్రాజెక్టు కాలువలు నీటి ఆధారాలు. వానాకాలం, యాసంగి రెండింటిలోనూ వరి పండిస్తారు. కావున ఏటా రెండు సార్లు ట్రాక్టర్లు నీరు నిలిచిన మడులలోకి దిగవలసి వస్తుంది.

ఎర్ర చెల్క నేలలలో మెత్తని పై పొర కింద కొద్ది లోతులోనే గట్టి నేల తగులుతుంది. చెరువు కింది నల్లమట్టి మడులలోను, తడి ఆరని జాలు పొలాలలోను ఆ గట్టి పొర చాలా లోతున ఉంటుంది. ఒక మడిలో సులువుగా తిరిగిన ట్రాక్టరు పక్క మడిలో దిగబడటానికి ముఖ్య కారణం ఇదే.

పనిచేసే విధానం

చక్రం నేలను వెనక్కు నెట్టినప్పుడు నేల వాహనాన్ని ముందుకు నెడుతుంది. నేల ఎంత నెట్టగలదన్నది రెండు అంశాలపై ఆధారపడుతుంది. మొదటిది మట్టి రేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉండే గుణం. చక్రం నేలను తాకే వైశాల్యం పెరిగితే దీని వలన కలిగే పట్టు పెరుగుతుంది. రెండవది రేణువుల మధ్య ఘర్షణ. ఇది వాహనం బరువుతో పెరుగుతుంది. పొడి ఇసుకలో రెండవది ప్రధానం. పూర్తిగా నానిన బంకమట్టిలో రెండవది దాదాపు ఉండదు. అందువలన బురదలో బరువు పెంచితే పట్టు పెరగదు, దిగబడే లోతు మాత్రమే పెరుగుతుంది.

రబ్బరు టైరు పట్టీల మధ్య బంకమట్టి నిండినప్పుడు టైరు నున్నని దిమ్మెగా మారి జారుతుంది. కేజ్ వీల్‌కు అంచు చుట్టూ అడ్డంగా ఇనుప పట్టీలు ఉంటాయి. పట్టీల మధ్య ఖాళీ ఉన్నందున మట్టి కిందికి జారిపోతుంది. పట్టీలు బురదను చీల్చుకొని గట్టి పొరను అందుకుంటాయి. చక్రం వెడల్పు ఎక్కువగా ఉండటం వలన బరువు ఎక్కువ స్థలంలో పరచుకుంటుంది. తిరిగేటప్పుడు ఇవే పట్టీలు మట్టిని కలియబెట్టి దమ్ము పనికి కూడా తోడ్పడతాయి.

రకాలు

పూర్తి కేజ్ వీల్: టైరును తొలగించి దాని స్థానంలో బిగిస్తారు. లోతైన బురదకు అనుకూలం.

సగం కేజ్ వీల్: టైరును ఉంచి దాని పక్కన బిగిస్తారు. టైరు కొంత దిగబడిన తరువాత ఇనుప చక్రం భారాన్ని పంచుకుంటుంది.

కోత సమయంలో తడి పొలాలలోకి టైర్ల యంత్రాలకు బదులు పట్టాలపై నడిచే హార్వెస్టర్లను దింపుతారు. రైతులు వీటిని చైన్ మిషన్లు అంటారు.

దిగబడినప్పుడు ప్రమాదం

దిగబడిన ట్రాక్టరును పైకి తీయడానికి వెనుక చక్రాలకు అడ్డంగా దుంగను గొలుసుతో కట్టి గేరు వేయడం పలుచోట్ల కనిపించే పద్ధతి. ఇది ప్రాణాంతకం. ఇంజను బలం చక్రాలను తిప్పవలసి ఉండగా, దుంగ అడ్డుపడి చక్రాలు కదలకపోతే అదే బలం ట్రాక్టరు ముందు భాగాన్ని ఇరుసు చుట్టూ పైకి లేపుతుంది. తిరిగి దించలేని స్థితికి చేరడానికి ఒక సెకను కూడా పట్టదు. డ్రైవరు క్లచ్ తొక్కేలోపే ట్రాక్టరు వెనక్కు తిరగబడి అతనిని బురదలో అదిమివేస్తుంది.

ఈ క్రింది జాగ్రత్తలు పాటించాలి.

• చక్రం ఉన్నచోటనే తిరగడం మొదలైన వెంటనే ఆపాలి. ఇంజను వేగం పెంచితే గుంత లోతవుతుంది.

• వెనుక ఉన్న పనిముట్టును పైకి లేపి లేదా విప్పి, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కు రావడానికి ప్రయత్నించాలి.

• ఒక చక్రమే తిరుగుతుంటే, ముందుగా ఆపి డిఫరెన్షియల్ లాక్ వేయాలి. అప్పుడు రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. లాక్ ఉండగా మలుపు తిప్పరాదు.

• మరొక ట్రాక్టరుతో లాగించేటప్పుడు, లాగే ట్రాక్టరుకు గొలుసును ఇరుసు కంటే తక్కువ ఎత్తులో ఉన్న డ్రాబారుకే తగిలించాలి. గొలుసు తెగి కొట్టే అవకాశం ఉన్నందున మనుషులు దూరంగా నిలబడాలి.

ట్రాక్టరు తిరగబడినా డ్రైవరును కాపాడే ఉక్కు చట్రాన్ని కొత్త ట్రాక్టర్లకు స్వీడన్ 1959లో తప్పనిసరి చేసింది. చట్రం ఉన్న ట్రాక్టరులో సీటు బెల్టు కూడా పెట్టుకోవాలి.

రోడ్లకు నష్టం

పొలంలో ఉపకరించే ఇనుప పట్టీలే తారు, సిమెంటు రోడ్లను పాడుచేస్తాయి. గట్టి నేలపై ట్రాక్టరు బరువంతా కొన్ని సన్నని పట్టీల మీదనే పడుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం వ్యవసాయ ట్రాక్టరుతో సహా ప్రతి మోటారు వాహనానికి గాలి టైర్లు ఉండాలి. నాట్ల కాలంలో కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కరాదని తెలంగాణ జిల్లాలలో అధికారులు హెచ్చరికలు జారీ చేస్తుంటారు. అయితే ఒక్కొక్క పొలానికి చక్రాలు విప్పి బిగించడానికి సమయం, మనుషులు అవసరం. కిరాయికి దున్నే యజమానికి ఇది నష్టం కావడం వలన నిబంధన తరచుగా ఉల్లంఘింపబడుతున్నది. ఇనుప చక్రాలను ట్రాలీలో పొలం గట్టు వరకు తీసుకువెళ్ళి అక్కడ బిగించడం సరైన పద్ధతి.

ఇతర దేశాలలో

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ టైర్లకు చుట్టే గొలుసులకు 1904లో పేటెంటు పొందాడు. అదే సంవత్సరం కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో బెంజమిన్ హోల్ట్, మెత్తని నేలలో దిగబడని ట్రాక్టరు కోసం చక్రాలకు బదులు పట్టాలు అమర్చి పరీక్షించాడు. నేటి చైన్ మిషన్లలో ఉన్నదీ ఈ సూత్రమే.

ఇవి కూడా చూడండి

ట్రాక్టరు
వరి
నకిరేకల్
మూసీ నది