డిక్కీలో ఎన్ని లీటర్లు?

పాలు లీటర్లలో కొంటాం. పెట్రోలు లీటర్లలో కొంటాం. మరి కారు డిక్కీని కూడా లీటర్లలోనే కొలుస్తారని మీకు తెలుసా? డిక్కీలో ఎవరూ పాలు పొయ్యరు గదా, అక్కడ లీటర్లతో పనేమిటి? ఈ ప్రశ్న నాకు మా అన్నయ్య కూతురు వేసింది. ఎందుకు వేసిందో ముందు చెబుతాను.

మా అన్నయ్యవాళ్లు హైటెక్ సిటీ పక్కనే కొండాపూర్‌లో ఉంటారు. మా అమ్మ కూడా అక్కడే ఉంటుంది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆవిడకు చక్రాల కుర్చీ లేనిదే కదలిక లేదు. పోయిన సంక్రాంతికి అమ్మను ఊరికి తీసుకుపోదామని సికింద్రాబాద్ స్టేషనుకు ట్యాక్సీ పిలిచాం. డ్రైవరు డిక్కీ మూత ఎత్తాడు. లోపల అడ్డంగా పెద్ద గ్యాసు సిలిండరు!

"సి.ఎన్.జి. బండి సార్. డిక్కీల ఒక్క చిన్న బ్యాగే పడ్తది. ఏం జెయ్యాలె?" అన్నాడతను. అతని తప్పేముంది? గ్యాసు మీద నడిపితేనే అతనికి నాలుగు డబ్బులు మిగులుతాయి. రెండో ట్యాక్సీ వచ్చింది. అదీ అంతే. మూడోదానిలో సిలిండరు లేదు, కుర్చీ పట్టింది. రైలు కదలడానికి నాలుగు నిమిషాల ముందు స్టేషను చేరాం. ఆ నలభై నిమిషాలూ అమ్మ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, "నా మూలాన మీకెంత ఇబ్బంది నాయనా" అంటూనే ఉంది.

రైలు కదిలాక మా అమ్మాయి అడిగింది: "బాబాయ్, ఆ మొదటి కారు డిక్కీ సుమారు 330 లీటర్లని రాశారు. నాయనమ్మ కుర్చీ అంతకంటే పెద్దదా? మరెందుకు పట్టలేదు?" మంచి ప్రశ్న. దీనికి సమాధానం మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. రండి, వెతుకుదాం.

ట్రంకు పెట్టె నుంచి డిక్కీ దాకా

మొదటి తరం కార్లలో సామానుకు వేరే చోటు లేదు. ప్రయాణానికి పోయేవాళ్లు కారు వెనుక ఒక ట్రంకు పెట్టెను పట్టీలతో బిగించుకునేవారు. తరవాత ఆ పెట్టె కారు శరీరంలోనే కలిసిపోయింది. అందుకే అమెరికావాళ్లు దాన్ని ఇప్పటికీ "ట్రంకు" అంటారు. మన ఇళ్లలో అటకమీద ఉండే ట్రంకు పెట్టెకూ దానికీ చుట్టరికం ఉందన్నమాట! మరి మన "డిక్కీ"? పాత కార్లలో వెనుక భాగం మూత తెరిస్తే ఒక అదనపు సీటు బయటికి వచ్చేది. దాని పేరు డిక్కీ సీటు. సీటు పోయింది, పేరు మిగిలింది.

ఇటుకలతో కొలత

డిక్కీ తిన్నని పెట్టె కాదు. రెండు పక్కలా చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకు వస్తాయి. వెనుక సీటు ఏటవాలుగా ఉంటుంది. మూత వంపు తిరిగి ఉంటుంది. అలాంటి చోటుకు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి ఘనపరిమాణం చెప్పడం ఎలా?

జర్మనీ మోటారు పరిశ్రమల సంఘం దీనికొక తేలిక ఉపాయం పట్టింది. 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తు ఉన్న దిమ్మలు తయారుచేశారు. గుణించి చూడండి: 20 × 10 × 5 = 1000 ఘనపు సెంటీమీటర్లు. అంటే సరిగ్గా ఒక లీటరు! డిక్కీలో ఈ దిమ్మలను వీలైనన్ని పేరుస్తారు. మూత పడాలి. 300 దిమ్మలు పడితే అది 300 లీటర్ల డిక్కీ. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి 3832వ నంబరు ప్రమాణంలోనూ ఇదే దిమ్మ ఉంది. నీళ్లు పోసి కొలిస్తే మూలల్లోకి, సందుల్లోకి కూడా నీరు పోతుంది. సామాను అలా పోదు. దిమ్మ కూడా పోదు. అందుకే దిమ్మల లెక్క సామానుకు దగ్గరగా ఉంటుంది. అమెరికాలో వేర్వేరు సైజుల సూట్‌కేసుల వంటి పెట్టెలను పేర్చి చూసే పద్ధతి ఉంది.

ఇక్కడొక జాగ్రత్త. వెనుక సీటు పైఅంచు దాకా పేర్చితే ఒక సంఖ్య, కారు కప్పు దాకా పేర్చితే మరో సంఖ్య, సీట్లు మడిచి పేర్చితే ఇంకో సంఖ్య వస్తాయి. రెండు కార్లను పోల్చేముందు రెండింటినీ ఒకే పద్ధతిలో కొలిచారా అని అడగాలి.

కంపెనీలు ప్రకటించిన కొన్ని సంఖ్యలు చూడండి. 2022లో వచ్చిన మారుతి ఆల్టో కె10 డిక్కీ 214 లీటర్లు. 2024 నాటి స్విఫ్ట్ 265. అదే ఏడాది వచ్చిన డిజైర్ 382. హ్యుందాయ్ క్రెటా 433. 2020 నాటి హోండా సిటీ 506. అన్నిటికంటే తమాషా ఎర్టిగాది. ఏడుగురు కూర్చుంటే దాని డిక్కీ 209 లీటర్లే, అంటే చిన్న ఆల్టో కంటే తక్కువ! మూడో వరుస సీట్లు మడిస్తే 550. పెద్ద కారుకు పెద్ద డిక్కీ ఉంటుందనుకోవడం ఎంత పొరపాటో చూశారా?

అన్నీ 400 లీటర్లే, కానీ...

గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగురోడ్డు మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి రాత్రీ పగలూ కార్లు పోతూనే ఉంటాయి. విదేశాలకు పోయేవాళ్ల పెద్ద సూట్‌కేసుకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెం.మీ. మించరాదని చాలా విమాన సంస్థల నియమం. 78 × 50 × 30 సెం.మీ. పెట్టెను తీసుకుందాం. మూడూ కూడితే సరిగ్గా 158. ఘనపరిమాణం 117 లీటర్లు.

ఇప్పుడు మూడు డిక్కీలు ఊహించండి.

మొదటిది 100 × 80 × 50 సెం.మీ.
రెండోది 160 × 50 × 50 సెం.మీ.
మూడోది 200 × 80 × 25 సెం.మీ.

మూడింటినీ గుణించండి. మూడూ 400 లీటర్లే. 400ను 117తో భాగిస్తే మూడు పెట్టెలు పట్టాలి. మొదటిదానిలో పెట్టెలను పుస్తకాల్లా పక్కపక్కన నిలబెడితే 30 + 30 + 30 = 90 సెం.మీ.; మూడూ పడతాయి. రెండోదానిలో ఒకదాని వెనుక ఒకటి రెండే పడతాయి. మూడోదానిలో? పెట్టె అతి సన్నని కొలతే 30 సెం.మీ., డిక్కీ ఎత్తు 25. ఒక్కటి కూడా పట్టదు!

మా అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఘనపరిమాణం ఒక్కటే చాలదు, ఆకారం కూడా కావాలి. ఇంకొక కొలత కూడా చూడాలి. అది డిక్కీ నోరు. లోపల ఎంత చోటున్నా నోరు ఇరుకైతే పెద్ద వస్తువు లోపలికే పోదు. కూజాలోకి కొబ్బరికాయ పోతుందా?

నాలుగు మీటర్ల గీత

డిక్కీని ఇంజనీర్లే కాదు, పన్నులు కూడా మారుస్తాయి. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే పొడవు 4 మీటర్లు దాటకూడదు. ఇంజను సైజుకు కూడా ఒక హద్దు ఉంది.

2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మి.మీ. డిక్కీ 440 లీటర్లు. 2012లో దాన్ని 3995 మి.మీ.లకు కుదించారు. డిక్కీ 316 లీటర్లయింది. అంటే 16.5 సెం.మీ. పొడవు పోతే 124 లీటర్ల చోటు పోయింది. ఇది సబబేనా? లెక్క వేద్దాం. డిక్కీ వెడల్పు సుమారు 120 సెం.మీ., ఎత్తు 50 సెం.మీ. అనుకోండి. 120 × 50 × 16.5 = 99,000 ఘ.సెం.మీ., అంటే 99 లీటర్లు. రొట్టె నుంచి ఒక ముక్క కోసినట్లు, డిక్కీ నుంచి ఒక పలక కోశారు. మన అంచనా నిజానికి దగ్గరగానే ఉంది. మిగిలిన తేడా లోపలి అమరిక మారడం వల్ల వచ్చింది.

2017లో పొడవు అదే 3995 ఉంచి వెడల్పు 40 మి.మీ. పెంచారు. డిక్కీ 378 లీటర్లకు పెరిగింది. పొడవు పెరగనివ్వకపోతే పక్కకు పెరగాలి. కుండీలో మొక్క వేళ్లలాగే. 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు మార్చినపుడు కూడా ఈ నాలుగు మీటర్ల గీతను అలాగే ఉంచారు.

సిలిండరు గుండ్రంగా ఎందుకు?

ఇక ఆ సిలిండరు సంగతి. దాన్ని డిక్కీకి సరిపోయేట్టు పలకల పెట్టెలా చేయవచ్చు గదా, చోటు వృథా కాదు! చేయకూడదు. కారులో సి.ఎన్.జి.ని సుమారు 200 బార్ పీడనంతో నింపుతారు. కారు టైరులో గాలి పీడనానికి ఇది దాదాపు తొంభై రెట్లు. 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉన్న చోటుమీద, అంటే అరచేయంత మేర, సుమారు 20 టన్నుల బలం పనిచేస్తుంది! పలకగా ఉన్న గోడ ఇంత బలానికి ఉబ్బిపోతుంది. మూలల దగ్గర ఒత్తిడి పోగై చీలిపోతుంది. గుండ్రని గోడకు మూలలు లేవు. బలం చుట్టూ సమానంగా పంచుకుంటుంది.

కానీ గుండ్రనిదాన్ని పెట్టెలో పెడితే నాలుగు మూలలూ వృథా. ఉదాహరణకు సిలిండరు వ్యాసం 32 సెం.మీ., పొడవు 90 సెం.మీ. అనుకోండి. స్థూపం ఘనపరిమాణం సుమారు 72 లీటర్లు. అది ఆక్రమించే పెట్టె 32 × 32 × 90, అంటే 92 లీటర్లు.

మా లెక్క ఇప్పుడు చూడండి. అమ్మ కుర్చీ మడిస్తే సుమారు 90 × 80 × 30 సెం.మీ., అంటే 216 లీటర్లు. 330 నుంచి 92 తీసేస్తే 238. సంఖ్య ప్రకారం కుర్చీ పట్టాలి! కానీ సిలిండరు సరిగ్గా మధ్యలో అడ్డంగా కూర్చుంది. మిగిలిన చోటు దాని ముందు కొంత, పైన కొంత ముక్కలుగా ఉంది. కుర్చీని ముక్కలు చేయలేం గదా!

దీనికి ఇంజనీర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. పెద్ద సిలిండరు ఒకటి బదులు చిన్నవి రెండు. పొడవు మార్చకుండా ఘనపరిమాణం సగం చేస్తే వ్యాసం సగం కాదు. రెండు వర్గమూలంతో భాగించాలి. 32 ÷ 1.414 = సుమారు 23 సెం.మీ. రెండింటినీ పక్కపక్కన పడుకోబెడితే ఎత్తు 9 సెం.మీ. తగ్గింది. వాటిమీద ఒక పలక వేస్తే పైన చదునైన చోటు మిగులుతుంది. టాటా కంపెనీ 2023లో ఆల్ట్రోజ్ కారులో ఇలాగే 30 లీటర్ల సిలిండర్లు రెండు అమర్చింది. పెట్రోలు ఆల్ట్రోజ్ డిక్కీ 345 లీటర్లు. ఇందులో 210 మిగిలింది. చోటు తగ్గినా ముక్కలు కాలేదు.

పట్టినంతా పెట్టవచ్చా?

పెట్టకూడదు. లీటరు వేరు, కిలో వేరు. లీటరు బియ్యం సుమారు 800 గ్రాములు తూగుతుంది. 400 లీటర్ల డిక్కీ నిండా బియ్యం పోస్తే 320 కిలోలు! ఇంచుమించు ఐదుగురు పెద్దమనుషుల బరువు. వాళ్లు ఎలాగూ సీట్లలో ఉన్నారు. అదే డిక్కీ నిండా దూది నింపితే కారుకు తెలియనైనా తెలియదు.

బరువు ఎక్కువైతే కారు వెనుకకు కుంగుతుంది, ముందు దీపాలు ఎదుటివారి కళ్లలో కొడతాయి. ఇక కారు కప్పుమీద క్యారియరులో మోపులు కడితే గరిమనాభి పైకి జరిగి, మలుపుల్లో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి బరువైనవి డిక్కీలో అట్టడుగున, సీటుకు ఆనించి పెట్టాలి, తేలికవి పైన.

వెనుక సీటు ఎత్తు దాటి సామాను పేర్చకూడదు. సంక్రాంతికి విజయవాడ రోడ్డున పోయే కార్లలో వెనుక అద్దం కనబడకుండా సంచులు పేర్చడం మీరు చూసే ఉంటారు. కారు గంటకు 54 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లతో పోతూ దేనికో గుద్దుకుని ఆగిందనుకోండి. కారు ఆగుతుంది, సంచి ఆగదు. న్యూటను మొదటి నియమం దాన్ని అదే వేగంతో ముందుకు తీసుకుపోతుంది. ఆ వేగం 11 మీటర్ల ఎత్తు నుంచి పడ్డ వస్తువు వేగంతో సమానం. మూడంతస్తుల మేడమీది నుంచి పదికిలోల బియ్యం సంచి మీ తమ్ముడి తలమీద పడితే ఎలా ఉంటుందో ఊహించండి!

మీరే కొలవండి

పాత అట్టపెట్టెలు కత్తిరించి 20 × 10 × 5 సెం.మీ. దిమ్మలు ఒక ఇరవై చేయండి. ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని కారు ఉంటే పెద్దల అనుమతితో డిక్కీ అడుగున ఒక వరుస పేర్చి లెక్కించండి. ఎన్ని వరుసలు పడతాయో ఎత్తు కొలిచి చెప్పండి. చక్రాల గూళ్ల దగ్గర వరుస ఎలా మారుతుందో గమనించండి. కారు లేకపోతే దిగులు లేదు. మీ పుస్తకాల సంచి ఎన్ని లీటర్లో, మీ తరగతి అలమరా ఎన్ని లీటర్లో ఇలాగే కొలవవచ్చు. మీకు వచ్చిన సంఖ్యను పొడవు, వెడల్పు, ఎత్తుల గుణకారంతో పోల్చి, తేడా ఎందుకొచ్చిందో మీ మాస్టారితో చర్చించండి.

మా అమ్మాయి ఇంకో పని చేసింది. చక్రాల కుర్చీని మడిచి టేపుతో కొలిచి, "90, 80, 30" అని ఒక అట్టముక్కమీద రాసి టెలివిజను పక్కన అంటించింది. ఉగాదికి అమ్మను తిరిగి తీసుకువెళ్లేటప్పుడు ట్యాక్సీ డ్రైవరుకు ఫోను చేసింది ఆ పిల్లే. "అంకుల్, మీ డిక్కీ ఎన్ని లీటర్లు?" అని అడగలేదు. "డిక్కీలో సిలిండరుందా? లేకపోతే మీ జానతో లోపల ఎన్ని జానలుందో చూసి చెబుతారా?" అంది. ఈసారి మొదటి బండిలోనే కుర్చీ పట్టింది. అమ్మ గేటు దగ్గర కాచుకు కూర్చోవలసిన పని పడలేదు.