కారు ఇంజను కుదుపు: కారణము కనుగొను విధము

రోగి గుమ్మములో అడుగుపెట్టగానే మంచి హకీము మందు వ్రాయడు. మొదట నాడి చూచును. బాధ ఎప్పుడు కలుగునో, ఎప్పుడు తగ్గునో అడుగును. ఇంజను పాడైనప్పుడు మాత్రము మనకు ఈ ఓర్పు ఉండదు.

గత సంవత్సరము మా పాత కారు, మూడు సిలిండర్ల చిన్న బండి, నిలిచియున్నప్పుడు గడగడ వణకసాగెను. ఒక మెకానిక్కు క్షణకాలము విని, ఇంజను విప్పవలెననెను. అతడు చెప్పిన మొత్తము మా నెల జీతమునకు దగ్గరగా ఉండెను. ఒప్పుకొనుటకు ముందు ఒక ఆదివారము మేమే పరీక్షింప దలచితిమి. మేము ఇంజనీరులము కాము, తెలుగు పాఠములు చెప్పుకొనువారము. అయినను దోషము దొరికెను. ఆ పరీక్షాక్రమమును విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా యంత్రధర్మము కొంత తెలియవలెను. 1876లో జర్మనీ దేశీయుడైన నికొలాస్ ఆటో నిర్మించిన ఇంజను పద్ధతియే నేటి పెట్రోలు కార్లకును ఆధారము. పీల్చుట, నొక్కుట, మండుట, వెడలగొట్టుట అని ఇందు నాలుగు ఘట్టములు. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగునంతలో ఒక్కొక్క సిలిండరు ఒక్కసారి మండును. నిమిషమునకు 800 చుట్లు తిరుగునప్పుడు మూడు సిలిండర్లలో కలిసి 1,200 సార్లు మంట పుట్టవలెను. ఒక సిలిండరు ఊరకున్నచో అందు 400 లోపించును. మన చేతికి తగులు కుదుపు ఆ లోటే.

మంట సరిగా పుట్టుటకు మూడు కావలెను: తూకములో ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి, సకాలమున నిప్పురవ్వ, చాలినంత ఒత్తిడి. కుదుపునకు మూలము సాధారణముగా ఈ మూడింటిలో ఏదో ఒకదాని లోపమే.

కుదుపు ఎప్పుడు వచ్చుచున్నదో మొదట గమనింపవలెను. నిలిచియున్నప్పుడు కుదిపి, వేగము పెరుగగా సర్దుకొన్నచో, చీలిన రబ్బరు గొట్టము గుండా అదనపు గాలి లోనికి పోవుచుండవచ్చును. అచట ‘సుయ్’మను శబ్దము వినిపించును. ఎత్తు ఎక్కునప్పుడు తడబడినచో నిప్పురవ్వ బలహీనమో, పెట్రోలు ఫిల్టరు మూసుకొన్నదో చూడవలెను. వాన కురిసిన ఉదయములందే వచ్చినచో తీగలలో చెమ్మను అనుమానింపవలెను.

పిదప, ఇంజను చల్లారిన తరువాత, తీగలకు గుర్తులు పెట్టి ప్లగ్గులను విప్పి చూడవలెను. కొన లేత గోధుమరంగున ఉన్నచో ఆ సిలిండరు ఆరోగ్యముగా ఉన్నది. పొడి నల్లమసి ఉన్నచో పెట్రోలు ఎక్కువైనది. తెల్లబారినచో పెట్రోలు తక్కువై వేడి హెచ్చినది. నూనె జిడ్డు ఉన్నచో రింగులో వాల్వు సీళ్లో అరిగి ఆయిలు లోనికి చేరుచున్నది. పెట్రోలుతో తడిసియున్నచో అచట నిప్పురవ్వ పుట్టుట లేదు.

మా కారులో రెండు ప్లగ్గులు గోధుమరంగున ఉండెను. మూడవది తడిసి ఉండెను. ఆ ప్లగ్గును ప్రక్క సిలిండరునకు మార్చితిమి. అచట అది చక్కగా పనిచేసెను. మొదటి సిలిండరు మాత్రము మరల తడిసెను. కనుక తప్పు ప్లగ్గుది కాదు. చీకటి పడిన పిదప ఇంజను నడిపి, దేనిని ముట్టక, దూరము నుండి చూచితిమి. ఆ సిలిండరు తీగ నుండి ఇంజను ఇనుము మీదికి నీలిరవ్వ ఎగురుచుండెను. తీగ మార్చగా కుదుపు పోయెను. ఖర్చు మెకానిక్కు చెప్పినదానిలో నూరవ వంతు కూడ కాలేదు.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 వంటి కార్బురేటరు బండ్లకు ఈ పద్ధతి చాలును. నేటి ఇంజెక్షను కార్లలో కంప్యూటరే కొంత చెప్పును. కోడు చదువు చిన్న పరికరమును తగిలించగా పి 0301 అని కనిపించినచో మొదటి సిలిండరు మండుట లేదని అర్థము; పి 0302 అనగా రెండవది; పి 0300 అనగా దోషము ఏ ఒక్కదానికో పరిమితము కాలేదు. కాని కోడు స్థలమును చెప్పునే గాని కారణమును చెప్పదు. కాయిలును ప్రక్కదానికి మార్చి చూడవలెను. కోడు కూడ దానితో తరలినచో కాయిలే దోషి. ఇంజను దీపము ఆరుచు వెలుగుచున్నచో బండిని ఆపవలెను. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చివేయును.

జాగ్రత్తలు మరువరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయును. వదులు చేతులు, కండువాలు ఫ్యాను దరి చేరరాదు. ఇంజను నడుచుచుండగా ప్లగ్గు తీగలను ముట్టరాదు. వాటిలో వేలకొలది వోల్టులుండును. ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు చేసినచో ఏది ఫలించినదో తెలియదు.

ప్లగ్గుల జిడ్డు, నీలిపొగ, ఒత్తిడి తగ్గుట కనిపించినచో అది మెకానిక్కు పనియే. మాకు సలహా చెప్పిన అతడు వంచకుడని మేమనము. అతడు అడుగవలసినది అడుగలేదు, మేమును చెప్పవలసినది చెప్పలేదు. కుదుపు ఎప్పుడు వచ్చునో, ఏ ప్లగ్గు తడిసినదో చెప్పగలిగినవాని ఇంజనును ఎవరును ఊరక విప్పరు.