ఎరువు వద్దనే మొక్క

పిల్లలూ! లింగాల ఘనపూర్‌లో గాని, జనగామ జిల్లాలో మరే ఊళ్లో గాని కొత్త మొక్కను నాటితే ఏం చేస్తారు? మొదట్లో గుప్పెడు పేడ ఎరువు వేస్తారు. బోరు నీళ్లు పోస్తారు. ఎండ బాగా తగలాలని వాకిట్లో పెడతారు. బంతికీ, మందారానికీ ఇంతకన్న కావలసింది లేదు. కాని ఈ మర్యాదలే ప్రాణం తీసే మొక్క ఒకటున్నది. అదే పురుగులను తినే కూజా మొక్క. ఈ రోజుల్లో పట్నాల నర్సరీలలో దీన్ని పెంచి అమ్ముతున్నారు. అది మీ ఇంటికో, బడికో వస్తే, కొత్త కుండీలోకి మార్చాక ఎలా బతికించాలో తెలుసుకుందాం.

ముందు దాని పుట్టింటి సంగతి వినండి. కూజా మొక్కల్లో 150కి పైగా జాతులున్నవి. మన దేశంలో సహజంగా పెరిగేది ఒక్కటే. అది మేఘాలయలోని గారో, ఖాసీ, జయంతియా కొండల మీద ఉంటుంది. గారోలు దాన్ని "మెమాంగ్ కోక్సీ" అంటారు. అంటే దయ్యం బుట్ట అని అర్థం. ఏటా సుమారు 11,000 మిల్లీమీటర్ల వాన కురిసే చిరపుంజి ఉన్నది ఆ రాష్ట్రంలోనే. అంత వానకు నేలలోని సారమంతా కొట్టుకుపోతుంది. మొక్కకు ముఖ్యమైన నత్రజని మట్టిలో దొరకదు. అందుచేత ఆ మొక్క దాన్ని పురుగుల నుంచి సంపాదించుకుంటుంది.

ఆకు కొస తీగలాగా సాగి, దాని చివర కూజా తయారవుతుంది. అంచున ఊరే తేనెకు ఆశపడి చీమ వస్తుంది, జారి లోపలి ద్రవంలో పడుతుంది. ఆ ద్రవం దాన్ని నెమ్మదిగా జీర్ణం చేస్తుంది. పురుగు పడగానే మూత టక్కున మూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మూత వాననీరు నిండకుండా అడ్డుపడే గొడుగు మాత్రమే.

ఇక ఎరువు ఎందుకు వద్దంటే, మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరి బయటికి వస్తుంది కదా? కూజా మొక్క వేళ్లు సన్నగా, నల్లగా, పెళుసుగా ఉంటవి. లవణాలకు అలవాటు పడినవి కావు. ఎరువులోని లవణాలు ఎక్కువైతే వేళ్లలోని నీరు కూడా అలాగే బయటికి పోతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని చార కడుతుంది, చూశారా? అదీ లవణమే. దినదినమూ ఆ నీళ్లే పోస్తే అది కుండీలో పేరుకుంటుంది.

కుండీ మార్చటానికి రోహిణి కార్తె ఎండలు తగ్గి, మృగశిర వచ్చి, నాలుగు వానలు పడిన తరవాత మంచి అదను. చల్క మట్టీ వద్దు, నల్లరేగడీ వద్దు. కొబ్బరి పొట్టును వాననీటిలో రెండు మూడు సార్లు నానబెట్టి పిండండి; అందులోనూ ఉప్పు ఉంటుంది. దానికి నర్సరీలో దొరికే పెర్లైట్ కలపండి. అడుగున చిల్లులున్న కుండీ తీసుకోండి. వేళ్లను కడగకుండా, విదిలించకుండా, పాత ముద్దతోనే ఎత్తి కొత్త కుండీలో కూర్చోబెట్టండి. గట్టిగా అదమకండి.

నీళ్లకు వాననీరే మేలు. తొలివానలో కప్పు మీది దుమ్ము పోనిచ్చి, తరవాతి వాన నీటిని గోలెంలో పట్టి, దోమలు చేరకుండా గుడ్డ కట్టండి. కుండీ ఎప్పుడూ తడిగా ఉండాలి గాని నీళ్లలో నిలబడకూడదు; నిలబడితే వేళ్లు కుళ్లుతవి.

పొడిగాలి దీనికి పడదు. చుట్టూ పుల్లలు గుచ్చి, పైన పలచని పాలిథీన్ సంచీ కప్పండి. రోజూ కాసేపు తెరిచి గాలి తగలనివ్వండి. రెండు మూడు వారాలలో కొంచెం కొంచెంగా తీసివెయ్యండి. సంచీ ఉన్నంతకాలం నేరుగా ఎండ తగలకూడదు. లోపల మొక్క ఉడికిపోతుంది. తరవాత ఉదయపుటెండ కొంచెం చాలు. ఎండ 40 డిగ్రీలు దాటే మన వేసవిలో వరండా నీడే దానికి దిక్కు.

ఇప్పుడు అసలు పరీక్ష. కొన్నాళ్లకు కూజాలు ఒక్కొక్కటే ఎండటం మొదలుపెడతవి. "అయ్యో, చచ్చిపోతున్నదే!" అని మీకు కంగారు పుడుతుంది. ఇంట్లోవారెవరో గుప్పెడు ఎరువు తెస్తారు. తమ్ముడు మాంసం ముక్క వెయ్యబోతాడు. రెండూ ఆపండి! మాంసం కూజాలోనే కుళ్లుతుంది. ఆకు పచ్చగా ఉన్నంతవరకు మొక్కకు భయం లేదు. వేళ్లు కుదురుకునే దాకా కూజాలను వదులుకోవటం దాని పద్ధతి. ఎండిన భాగాన్ని మాత్రం కత్తిరించి, ఆకును ఉంచండి.

అంతవరకు మీరు చెయ్యగల పని ఒకటున్నది. అన్నిటికన్న కొత్త ఆకు పక్కన పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి. వారానికొకసారి దాని తీగ ఎంత సాగిందో కొలిచి, తేదీతో పుస్తకంలో రాయండి. రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఒకనాడు తీగ చివర చిన్న బొడిపె కనిపిస్తుంది. అది ఉబ్బి, మూత విచ్చుకున్ననాడు మొక్క మీ ఊరి గాలికి అలవాటు పడిందన్నమాట. దానికి చీమలను మీరు వెతికి తేనక్కర లేదు, అవే వస్తవి.

ఒక్క మాట మరవకండి. మేఘాలయ కొండల కూజా మొక్క అరుదైపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే మొక్కల్లో అదీ ఒకటి. కనక నర్సరీలో పెంచినదే కొనాలి, అడవిలో పెరికినది కొనకూడదు. మన తెలుగు నేల మీద కూడా పురుగులను పట్టే చిన్న మొక్కలున్నవి. తడి ఇసుక నేలల్లో, మంచుబిందువుల వంటి జిగురుతో మెరిసే డ్రోసెరా ఉంటుంది. చెరువుల్లో, సన్నని తిత్తులతో నీటి పురుగులను పీల్చే యుట్రిక్యులేరియా ఉంటుంది. వాటిని ఉన్నచోటనే వంగి చూడండి, ఇంటికి మాత్రం తీసుకురాకండి.